శ్రీనాథ కవిసార్వభౌముఁడు : ఆతని వార్ధకదశ



మహాసభా సంచికయందు ఏఁటేఁటఁ బూర్వమహాపురుషు నొక్కని చరిత్రమును బ్రకటించుట మన యాచారము. ఈ యేఁడు ఆ భారమును సంపాదకవర్గమువారు నాపై నుంచిరి. చరిత్రరచయితలు తఱుచుగా మహనీయుని జననముతోఁ దొడఁగి, యశోవిభవమును విస్తరించి చెప్పి, వార్ధకదశను రెండు వాక్యములతో ముగింతురు. నేను వేఱుత్రోవఁ ద్రొక్కఁదలఁచితిని. శ్రీనాథునకు విజయనగరమునఁ గనకాభిషేకము జరిగెనని బడిపిల్లలును జెప్పఁగలరు. ఆ మహాకవి ముదిమియందు నిలుకడయైన యాశ్రయము లేక పడిన పాటులను దలఁచువా రరుదు. ముప్పదియేండ్లకుఁ బైగాఁ బిల్లలకుఁ బద్యములు చెప్పిన నేనును ఆ కనకాభిషేకము దగ్గఱనే పాఠము ముగించుచుంటిని. అఱువదియేండ్లు నిండినపిదపఁ గాని తరువాతి పుటలు నా కంటఁ బడలేదు.

మన రెడ్డిగూడెమునుండి మైలవరము మీఁదుగాఁ గొండపల్లికిఁ బోయినవారు అచ్చటి కొండపై నున్న కోటను జూచియుందురు. అది రెడ్డిరాజుల నాఁటి కట్టడమని ప్రసిద్ధి. కృష్ణ దాఁటి యావలఁ బోయినచో నా రాజుల రాజధానియగు కొండవీడు కలదు. నేఁడు శిథిలములైన యా ప్రాకారముల నడుమనే ఆఱువందల యేండ్ల క్రిందట శ్రీనాథుని యౌవనము గడచెను. ఈ కథ మనకు దూరపుఁ గథ కాదు. మన కృష్ణయొడ్డు కథయే.

శ్రీనాథుని తండ్రి మారయ, తల్లి భీమాంబ. పితామహుఁడు కమలనాభామాత్యుఁడు సముద్రతీరమునందలి కాల్పట్టణమునకు అధిపతియై, కవియుఁ గూడనై ప్రసిద్ధి గాంచెను. ఇట్టి వంశమునఁ బుట్టిన బాలుఁడు మీసకట్టు రాకమునుపే మరుత్తరాట్చరిత్రమును, నూత్నయౌవనమున శాలివాహన సప్తశతిని రచించెను. ఈ రెండును నేఁడు లభింపవు. నిండుప్రాయమున శ్రీహర్షుని నైషధమును దెనిఁగించెను. ఆ సంస్కృతకావ్యము విద్వాంసులకే కొఱుకుడు పడనిది. దానిని దెలుఁగునఁ గూర్చి పెదకోమటివేమారెడ్డి మంత్రియగు మామిడి సింగనకు నంకిత మొసఁగెను. ప్రౌఢవయస్సున భీమఖండమును, ఆ పిదపఁ బ్రాయము మిగులఁ గైవ్రాలకమునుపే కాశీఖండమును వ్రాసెను. ఈ క్రమమును ఆతఁడే కాశీఖండమునందుఁ జెప్పుకొనియున్నాఁడు. తన జీవితమును ఏ గృహమునందు గడపెనో చెప్పక, ఏ గ్రంథమును ఏ వయస్సున వ్రాసెనో చెప్పిన కవి యాతఁడు.

పెదకోమటివేముఁడు 1402 మొదలు 1420 ప్రాంతము వఱకుఁ గొండవీటిని బాలించెను. ఆ రాజు స్వయముగా విద్వాంసుఁడు. అమరుకశతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్యను రచించినవాఁడు. ఆతని యాస్థానమున శ్రీనాథుఁడు విద్యాధికారి. సభకు వచ్చు పండితులను బరీక్షించుట, దానశాసనములకు శ్లోకములు గూర్చుట ఆ యుద్యోగధర్మములు. రాణి సూరాంబ త్రవ్వించిన సంతానసాగరమను చెఱువును గూర్చిన ఫిరంగిపురశాసనము 1409వ సంవత్సరమునాఁటిది. దానిని రచించినవాఁడు విద్యాధికారి శ్రీనాథుఁడే. చెఱువునకు శాసనము కలదు. దేవళములకు శాసనములు కలవు. అగ్రహారముల హద్దులు ఱాతిమీఁదఁ జెక్కఁబడినవి. పరుల హక్కులను ఆచంద్రార్కముగా నిలుపు శ్లోకములు వ్రాసిన చేతికిఁ దన హక్కును నిలుపుకొను ఱాయి యొక్కటియు లభింపలేదు.

నాఁటి యాస్థానకవి జీవనవిధానమును మన మించుక గ్రహింపవలెను. ఆతనికి వస్త్రములు, కస్తూరి, పరిమళద్రవ్యములు, పళ్లెరములలో భోజనము నిత్యమును జరుగుచుండును. చిన్ననాఁటి చెలికాఁడగు అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుఁడు హరవిలాసము నంకిత మిచ్చెను. ఆ వర్తకుఁడు చీనాపట్టువస్త్రములను, సింహళపు టేనుఁగులను, హురుముంజి గుఱ్ఱములను దెప్పించి రాజుల కమ్మినవాఁడు. ఇట్టి స్నేహితులు గలవానికి లేమి యెక్కడిదని మన కనిపించును. కాని యివి యన్నియు వ్యక్తుల యనుగ్రహముననుండి వచ్చినవి. అనుగ్రహించినవాఁడు బ్రదికినంతకాలమే అవి యుండును.

1420 ప్రాంతమునఁ బెదకోమటివేముఁడు గతించెను. ఆతని కుమారుఁడు రాచవేముఁడు నాలుగేండ్లు మాత్రమే రాజ్యమేలెను. పురిటిమీఁదఁ గూడ సుంకము విధించెనని కనలి యొక బంటు ఆతనిని బొడిచి చంపెనని ప్రతీతి. 1424 ప్రాంతమునఁ గొండవీటి రెడ్డిరాజ్య మంతరించెను. రాజ్యముతో విద్యాధికారి పదవియుఁ బోయెను. అప్పటి కాతని యౌవనము గడచినది. మఱల నొక వాకిటిని వెదకుకొనవలసివచ్చెను.

శ్రీనాథుఁడు దేశములఁ దిరిగెను. రాచకొండయందు సర్వజ్ఞ సింగభూపాలుని దర్శించెను. తుంగభద్రాతీరమున విజయనగరమునకుఁ బోయి, ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టును వాదమున నోడించెను. ఆ పండితుని కంచుఢక్క పగులఁగొట్టఁబడెను. ముత్యాలశాలలో దీనారటంకములతో నాతనిఁ దడిపిరి. మనము చిత్రములు వ్రాయించుకొనునది, బాలురచేఁ జదివించునది యీ ఘట్టమునే. స్నానము చేయించిన బంగారమైనను స్నానజలమువంటిదే. తడిసినవానిమీఁద నెంతసేపు నిలుచును? ఆ దినము సాయంకాలమునకు శ్రీనాథుఁడు కవిసార్వభౌముఁ డయ్యెను. అయినను ఆ నగరమునం దాతఁడు స్థిరపడలేదు.

పిమ్మట రాజమహేంద్రవరమున అల్లయవేమారెడ్డి, వీరభద్రారెడ్డి యను సోదరు లాతని నాదరించిరి. వారి మంత్రియగు బెండపూడి అన్నయామాత్యునకు భీమఖండమును, వీరభద్రారెడ్డికిఁ గాశీఖండమును గృతు లిచ్చెను. మహాశయులారా, ఈ రెండు గ్రంథములలోను వ్యాసుఁడు కాశిని విడుచు కథ కలదు. ఇది మన ప్రస్తుతమునకు ముఖ్యము. వ్యాసమహర్షి శిష్యులతోఁ గాశీవీథులలో భిక్షకై తిరుగఁగా, ఈశ్వరమాయచే నే యింటను బిడికెఁడు మెతుకులు లభింపవు. ఆకఁటి బాధకుఁ దాళలేక ఆ వృద్ధుఁడు కాశిని శపింపఁబూనును. అంతలో నన్నపూర్ణ సామాన్యగృహిణి రూపమున వచ్చి, కోపమును మందలించి, పిలిచి యన్నము పెట్టును. కడుపు నిండినపిదప విశ్వేశ్వరుఁడు కనఁబడి, కోపిష్ఠివి నీ వీ క్షేత్రమున నుండఁదగవని వెడలఁగొట్టును. వేదములను విభజించినవాఁడు, పురాణములను జెప్పినవాఁడు, ముదిమిలోఁ దాను బ్రేమించిన నగరమును విడిచి దక్షిణమునకు నడచును. భీమఖండమున నాతనికి దక్షారామ మాశ్రయ మిచ్చును.

శ్రీనాథుఁ డీ కథను రెండుమాఱులు చెప్పెను. పురాణకథను గ్రంథములోఁ జేర్చుట వింత గాదు. కాని యన్నము దొరకని వృద్ధుని నడకను, ఊరు విడుచునాఁటి వెనుకచూపును ఆతఁడు చెప్పిన తీరును జదివినవారికి, కవి తన భవిష్యత్తును ముందే చూచెనా యని తోఁపకపోదు. కొండవీటిని విడిచినవాఁ డాతఁడు. విడుచుట యేమో యెఱుఁగును.

రాజమహేంద్రవర రాజ్యమును జిరకాలము నిలువలేదు. ఉత్తరమునఁ గపిలేశ్వర గజపతి 1430లలో సింహాసన మెక్కి, క్రమముగాఁ దీరాంధ్రము నాక్రమించెను. రాజమహేంద్రవరము 1448 ప్రాంతమున, కొండవీడు 1454 ప్రాంతమున గజపతుల వశమయ్యెను. ఈ సంధికాలమున శ్రీనాథుని పోషకు లొకరివెనుక నొకరు గతించిరి. ఇచ్చటనుండి మన కాధారములు చాటుపద్యములు. అవి తాళపత్రములలోను, జనుల నాలుకలమీఁదను నిలిచియుండఁగా, పెదకళ్లేపల్లివారగు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వానిని శ్రద్ధతో సేకరించి ప్రకటించిరి. శాసనమునకుఁ గల నిశ్చయము చాటువునకు లేదు. అయినను ఆంధ్రజాతి తన మహాకవి చరమదశను ఆఱువందల యేండ్లుగా ఈ రీతిగానే జ్ఞాపక ముంచుకొన్నది. ఒక జాతి తన తప్పును దాఁచుకొనక చెప్పుకొనుట చిన్న సాక్ష్యము గాదు.

ఆ చాటువులలో నొకదానియందు, గతించిన పోషకుల నొక్కొక్కరినిఁ దలఁచి కవి విలపించినట్లున్నది. ఒకఁడు వెలగల వస్త్రము లిచ్చువాఁడు. ఒకఁడు దినవెచ్చము జరపువాఁడు. ఒకఁడు కస్తూరి పంపువాఁడు. ఒకఁడు తన పంక్తిని బంగారుపళ్లెరమునఁ గుడిపించువాఁడు. అందఱును స్వర్గస్థులైరి. ఈ పద్యమును నేను బాలురకుఁ బలుమాఱులు చెప్పితిని. ఇప్పుడు చదువఁగా నొక విషయము మనస్సును దాఁకినది: ఆ పట్టికలో నిల్లు లేదు. బట్ట కలదు, తిండి కలదు, పరిమళము కలదు. ఈ గోడలు నీవి, నిన్నిచ్చటనుండి లేపువాఁడు లేఁడని చెప్పినవాఁ డొక్కఁడును అందుఁ గానరాఁడు.

అప్పుడు ఆ వృద్ధుఁడు కృష్ణాతీరమున బొడ్డుపల్లె యను గ్రామమును గుత్తకుఁ దీసికొనెను. గుత్త ఏడువందల టంకములు. కోరుకుఁ జేయుటకును గుత్తకుఁ జేయుటకును గల భేదము మన రైతుసోదరులకుఁ జెప్పనక్కఱలేదు. కోరునందుఁ బంట పోయినచో నష్టము నిరువురును బంచుకొందురు. గుత్తయందుఁ బండినను, ఎండినను, మునిఁగినను సొమ్ము చెల్లింపవలసినవాఁడు గుత్తదారుఁ డొక్కఁడే. కలము పట్టినవాఁడు, నాఁగలి యెఱుఁగనివాఁడు, పైఁబడిన వయస్సువాఁడు ఇట్టి యొప్పందమున కేల దిగెను? వేఱుగతి లేక దిగెను. బ్రదుకుటకుఁ జోటు లేని వృద్ధుఁడు తనకుఁ దగని షరతులకును దల యూఁచును. ఇది నాఁటి ధర్మమే కాదు, నేఁటిదియు నిదియే.

పైరు కంకి వేసినప్పుడు పిట్టలు నువ్వులను, పెసలను దినిపోయెను. మిగిలినదానిని గృష్ణ వఱద యీడ్చుకొనిపోయెను. టంకములు చెల్లలేదు. కొత్త యధికారులకుఁ గవిత్వముతోఁ బని లేదు, లెక్కతోఁ బని. నగరి వాకిట నెండలో నిలువఁబెట్టి, భుజమున నల్లగుండు నెత్తించి, కాళ్లకు సంకెలలు, మెడకుఁ బొగడదండ, చేతికి వెదురుగొడియ తగిలించి శిక్షించిరని చాటువు చెప్పుచున్నది. ఏ భుజమున రాజులు శాలువలు కప్పిరో ఆ భుజమే గుండును మోసెను. తుదకు, ఇంక దివికిఁ బోయి బృహస్పతి గుండెను దల్లడిల్లఁజేసెద నని పలికి కన్నుమూసెనఁట. మన మా మాటను ధీరత్వమని మెచ్చుకొందుము. ధీరత్వమే, కాని భూమిమీఁద నెక్కడను గూర్చుండఁజోటు దొరకనివాఁడు చెప్పిన మాట యదియనియు మఱువరాదు.

కొందఱు పెద్దలు శ్రీనాథుఁడు భోగలాలసుఁడనియు, వచ్చినదానిని వెనుక వేసికొనలేదనియు, చేసికొన్నదాని ననుభవించెననియు ననుచుందురు. ఆతఁడు భోగి యనుట కాతని పద్యములే సాక్షులు, నేను గాదనను. అయితే ముదుసలివాఁడు వాకిట నిలిచినప్పుడు ఆతని యౌవనపు ఖర్చులను లెక్కించుట ధర్మమా? వ్యాసుఁడు కోపిష్ఠి, ఆయినను అన్నపూర్ణ ముందన్నము పెట్టి పిమ్మటఁ దప్పు చెప్పినది. ఈ క్రమమును దారుమాఱు చేయరాదు.

ఇఁక నా తప్పును జెప్పికొనవలెను. కొన్నియేండ్ల క్రిందట నీ ప్రాంతమున సంతానములేని యొక వృద్ధురాలు తన చిన్న యింటిని దగ్గఱి బంధువునకు దానపత్రము వ్రాసి యీయఁదలఁచి, చిత్తు వ్రాయుమని నన్నడిగెను. సంస్కృతము చదివినవాఁడనని పదిమంది యెఱుఁగుదురు. పుత్రపౌత్ర పారంపర్యముగా, సర్వస్వామ్యయుతముగా నని నిండు సమాసములతో వ్రాసి, మెప్పును బొందితిని. ఆమె బ్రదికినంతకాలము ఆ యింట నుండవలెననియు, గ్రహీత యామెను బోషింపవలెననియు నొక్కపంక్తి వ్రాయలేదు; అట్లు వ్రాసినచో బంధువు నొచ్చుకొనునని మొగమోటపడితిని. రెండేండ్లకు ఆ యిల్లు మఱియొకరి కమ్ముడుపోయెను. ఆమె కొన్నాళ్లు గుడి యఱుగుమీఁద, కొన్నాళ్లు ఒకరి వసారాలో, కొన్నాళ్లు మఱియొకరి మామిడితోఁటయందలి కాపరిపాకలో నుండెను. ఒకనాఁడు మా యింటికి వచ్చి, ఆ కాగితమున నా పేర నొక గదియైన నుంచితివా యయ్యవారూ యని యడిగెను. నేను దల వంచుకొంటిని. ఆమె యిప్పుడు లేదు.

నాకుఁ దెలియవలసినది, నాఁడు తెలిసికొననిది యిది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమముల చట్టము 2007లో వచ్చెను. అఱువదియేండ్లు నిండినవా రందఱును దానియందు వృద్ధులే. సంతానము లేనివారు తమ యాస్తిని బొందిన, లేక పొందఁబోవు బంధువునుండి పోషణ కోరవచ్చును. ఇరువదిమూఁడవ సెక్షను ననుసరించి, పోషింపవలెనను షరతుతో నాస్తి నిచ్చినపిదప గ్రహీత మాట తప్పినచో, ఆ దానమును రద్దు చేయింపవచ్చును. దీనిని విచారించు ట్రిబ్యునలు రెవెన్యూ డివిజను స్థాయి యధికారి యధ్యక్షతను నడచును; 2022లో నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాయందు మనకుఁ దిరువూరే డివిజను కేంద్రము. అట్టి షరతు ఉన్నట్లు రుజువు కావలెనని 2022లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఈ చట్టమును వృద్ధుల మేలుకొఱకు ఉదారముగా నన్వయింపవలెనని 2025లో మఱియొక వ్యాజ్యమునఁ జెప్పినది. కావున మొగమోటపడక ఆ యొక్కపంక్తిని వ్రాయింపుఁడు. ప్రేమ యున్నచో నా పంక్తి ప్రేమకుఁ గొఱఁత కాదు. ప్రేమ తఱిఁగినచో నదియే గోడయు, నదియే కప్పును.

2011 జనాభాలెక్కలలో మన దేశమున నఱువదియేండ్లు నిండినవారు పదికోట్ల ముప్పదియెనిమిది లక్షలు. మన రాష్ట్రమున 2024 జూలైనుండి వృద్ధాప్యపింఛను నెలకు 4,000 రూపాయలైనది. అది దినవెచ్చమునకు నక్కఱకు వచ్చును. శ్రీనాథుని పట్టికను మఱల స్మరింపుఁడు: దినవెచ్చము వేఱు, ఇల్లు వేఱు. ప్రతి జిల్లాయందును నూటయేఁబదిమంది నిరుపేద వృద్ధుల కొక్క యాశ్రమమైన నుండవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. కాని ముదుసలివారు కోరునది దూరపుటాశ్రమము గాదు. తమ యూరి చెట్టునీడ, తమ భాష మాటాడు పొరుగు, తమ్ము పేరుపెట్టి పిలుచువారు గల చోటు.

కావున నీ మహాసభకు నాదొక విన్నపము. ఊరూర సంఘముల పేరిట సత్రములు, వసతిగృహములు, కల్యాణమంటపములు మనకుఁ గలవు. వానిలో ననేకములు పెండ్లిండ్లు లేని నెలలలోఁ దాళములు వేయఁబడి యుండును. ప్రతి కట్టడమునందును రెండు గదులను వృద్ధులకై విడిగా నుంచుదము గాక. ఆ గదులు దాత యనుగ్రహముపై నాధారపడరాదు. ఇంతకాలము నీ వుండవచ్చునని వ్రాతమూలకముగ నుండవలెను. కార్యదర్శి మాఱినను, దాత గతించినను ఆ వ్రాత మాఱరాదు. ఇంకొక మాట పెద్దలు క్షమింపవలెను. శ్రీనాథుని బోషించినవారిలో రెడ్డిప్రభువు లుండిరి, బ్రాహ్మణమంత్రు లుండిరి, కోమటిసెట్టి యుండెను. ఇచ్చునప్పుడు వారు కులము చూడలేదు. అఱుగుమీఁదికి వచ్చిన వృద్ధుని గోత్ర మడిగి గది తలుపు తీయు దుర్దశ మనకు వలదు.

వెడలఁగొట్టఁబడిన వ్యాసునకు దక్షారామము కలిగెను. ఆ కథను మనకుఁ జెప్పిన శ్రీనాథునకు మాత్ర మొక దక్షారామము కలుగలేదు. విగ్రహములు నిలిపి, జయంతులు జరిపి మన మాతని ఋణమును దీర్చికొనలేము. తాళముచెవి తీసి రెండు గదుల తలుపులు తెఱచినచోఁ గొంత తీఱునేమో. మొదటి గదికి వలయు నులకమంచమును, దుప్పటిని, దీపమును నా పింఛనునుండి నే నిచ్చుకొందును.

ఇట్లు,
విశ్రాంతోపాధ్యాయుఁ డొకఁడు,
రెడ్డిగూడెము.